గోడకు చెప్పిన కబురు

ఆ ఎండాకాలం నేను మొగుడితో మాట్లాడింది తక్కువ, గోడలతో మాట్లాడింది ఎక్కువ. మా ఇంట్లో ఇదేమీ వింత కాదు. మా అత్తకు మామ మీద అలుక వస్తే పొయ్యితో మాట్లాడేది. "పొయ్యమ్మా, నూనె అయిపోయిందని చెప్పు" అనేది. వసారాలో కూర్చున్న మా మామ ఆ మాట విని, దీపాలు పెట్టే వేళకు నూనె డబ్బా తెచ్చి గడప దగ్గర పెట్టేవాడు. ఒకరికొకరు తగ్గకుండానే పనులు జరిగిపోయేవి. నేనూ ఆ ఇంటి కోడలినే కదా, నాకూ ఆ విద్య బాగానే అబ్బింది.

మా ఆయన మాధవయ్యకు నంద్యాలలో విత్తనాలు, పురుగుమందుల అంగడి ఉంది. మాకు ఒక్కగానొక్క కూతురు హర్షిణి. అంతకుముందు దసరా వెళ్ళాక అది తనకు నచ్చినవాణ్ణి పెళ్ళి చేసుకుంది. పిల్లవాడు శ్రీకాంత్, ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే ఇంటివాడు. నెమ్మదస్తుడు, కళ్ళలోకి చూసి మాట్లాడతాడు. అయినా గల్లాపెట్టె ముందు కూర్చోవలసిన అల్లుడు ఉలి పట్టుకోవడం ఏమిటని ఈయనకు రోషం. పెళ్ళికి రానన్నాడు. నేనొక్కదాన్నే పోయి అక్షింతలు వేసి వచ్చాను. ఇంటికి రాగానే ఇద్దరికీ గొడవ. "నాకు కూతురే లేదనుకుంటా" అని ఆయన అన్నాడు. "నాకు మొగుడే లేడనుకుంటా" అని నేనన్నాను. ఆ పొద్దు నుంచి నా మాటలన్నీ గోడకూ, పొయ్యికీ, తులసికోటకూ.

చలికాలంలో ఆయనకు విడవని జ్వరం వచ్చింది. కషాయం కాచి మంచం పక్కన పెట్టాను, దుప్పటి కప్పాను, మాట మాత్రం కలపలేదు. జ్వరం తగ్గి లేచిన మనిషి మునుపటి కంటే బిగుసుకుపోయాడు. ఉప్పు అయిపోయిందని గోడకు చెబితే ఉప్పు రాలేదు. గ్యాసు అయిపోయిందని పొయ్యికి చెబితే పొయ్యి ఆరిపోయిందే తప్ప సిలిండరు రాలేదు. నోరు తెరిస్తే అరుపు. టీవీ పెడితే వీధి చివర వాళ్ళు కూడా వార్తలు వినాల్సిందే. నన్ను సాధించడానికే ఇదంతా చేస్తున్నాడనుకున్నాను. నాకు మాత్రం రోషం తక్కువా? నేనూ గోడను వదల్లేదు.

ఉగాది ముందు హర్షిణి ఫోన్ చేసింది. నీళ్ళోసుకుందట, అయిదో నెలట. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదే అంటే ఏడ్చింది. నా ఒళ్ళంతా ఉప్పొంగిపోయింది. ఆయన వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చూస్తున్నాడు. నేను పోపు గరిటె పట్టుకుని, వంటింటి గోడ వైపు తిరిగి గట్టిగానే చెప్పాను.

"గోడమ్మా, మన హర్షిణి నీళ్ళోసుకుందంట. తొలికాన్పు పుట్టింట్లో జరగాల. ఎనిమిదో నెల పడితే కదిలించకూడదు, ఏడో నెలలోనే పిల్చకరావాల. ఇన్నోళ్ళు ఇన్నట్టు ఆలోచన చెయ్యమను."

పేపరు తిప్పిన చప్పుడు వినిపించింది. ఇంకేమీ లేదు. తొంగి చూస్తే ధరల పేజీ మీద వేలు పెట్టి చదువుకుంటున్నాడు. మనిషికి ఇంత రాతిగుండె ఉంటుందా అని పోపంతా మాడబెట్టాను.

ఆపైన ఆళ్ళగడ్డ పోయి హర్షిణిని చూసి వచ్చాను. ఇంటి ముందు షెడ్డులో సగం చెక్కిన నందులు, ముక్కు ఇంకా రాని అమ్మవారు, అంతా తెల్లటి దుమ్ము. ఉలుల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడదు. దాని అత్తగారు మంచినీళ్ళిచ్చి, "ఏడో నెలకి మీరే పిల్చకపోండొదినా, మాకేం అడ్డం లేదు" అంది. అడ్డం మా పిల్లే.

"నాయన నోటితో రమ్మంటేనే వస్తా. నువ్వొచ్చి పిలిస్తే రాను. ఎవుర్నో పంపిస్తే అస్సలు రాను" అంది.

"ఆయనతో నేను మాట్లాడతాండానా ఏమన్నా, ఎట్ల చెప్పేది?"

"గోడకు చెప్పు, నీకలవాటే గదా."

ఎంత మాటంటే అంత మాట, అచ్చం నా పోలికే. చివరికి అదే దిగివచ్చి ఒక సాయంత్రం ఫోన్ చేసింది. నేను ఏమీ అనకుండా ఫోన్ తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. తెర మీద హర్షిణి ఫోటో చూశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆ కొసన అది చెబుతూనే ఉంది, ఏడుస్తూనే ఉంది, పక్కనున్న నాక్కూడా వినపడుతోంది. ఈయన నా వంక చూస్తూ "ఊఁ" అన్నాడు. కాసేపుండి మళ్ళీ "ఊఁ" అన్నాడు. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, భుజం మీది తువ్వాలు దులుపుకుని అంగడికి పోయాడు.

"అమ్మా, నేనంత ఏడ్చి, పిల్చకపో నాయనా అంటే ఊఁ అంటాడా?" అంది హర్షిణి. "అంగడికొచ్చిన రైతుతో కూడా ఇంతకన్నా మాట్లాడతాడు. ఇంగ నేను ఫోన్ చెయ్యను. నాకు పుట్టిల్లు లేదనుకుంటా."

లేదనుకోవడం మా ఇంట్లో అందరికీ ఇంత తేలికయిపోయింది.

విత్తనాల కంపెనీవాళ్ళు బాగా అమ్మిన అంగళ్ళవాళ్ళను ఏటా ఏదో ఒక దేశం తీసుకుపోతారు, భార్యలతో సహా. ఈసారి చైనా అన్నారు. మొదట నేను రానన్నాను, అంటే తులసికోటకు చెప్పాను. తర్వాత బాగా ఆలోచించాను. ఆడికి పోతే గోడలు మనవి కావు. ఆయనకు నేను తప్ప తోడుండదు. ముఖం మీదే అడిగి తేల్చుకోవాలి. కూతురిని పిలుస్తానంటే సరే, లేదంటే తిరిగి వచ్చాక నా పెట్టె నంద్యాలలో దించేది లేదు, నేరుగా ఆళ్ళగడ్డకే. కాన్పు దాని అత్తగారింట్లోనే చేయించి, ఇంక అక్కడే ఎక్కడో ఒక గది తీసుకుని ఉంటాను. ఈ సంగతి నేనెవరితోనూ అనలేదు, గోడతో కూడా.

చాగలమర్రి ఎరువుల అంగడి ఓబులేసు, ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ మాకు తోడు. ఓబులేసుకు నోరు మూతపడదు. ఆయన పక్కన ఉంటే మా ఆయన మాట్లాడే అవసరమే రాదు. విమానంలో, బస్సులో, హోటల్లో ఈయన ఓబులేసు వెనకే నడిచాడు, ఓబులేసు కూర్చుంటే కూర్చున్నాడు, లేస్తే లేచాడు. భుజం మీద తువ్వాలు మాత్రం తీయలేదు. కంపెనీ తరఫున వచ్చిన శ్రీనివాసులు అనే పిల్లవాడు "అది లోపల పెట్టుకోండి సార్, ఫోటోల్లో బాగుండదు" అంటే ఈయన పలకనే లేదు. అడుగుదామని నేను నోరు తెరవడం, రోషం అడ్డం రావడం, ఊళ్ళు గడిచిపోవడం, ఇట్లాగే షియాన్ దాకా వచ్చేశాం.

షియాన్ పాత ఊరు. చుట్టూ పెద్ద కోటగోడ, ఊరి నడుమ నగారా మేడ. కింద కొండంత ఇటుకల కట్టడం, దానిలో సొరంగంలాంటి దారి, పైన పచ్చ పెంకుల కప్పు. మెట్లు నిటారుగా ఉన్నాయి. ఉమామహేశ్వరమ్మ మోకాళ్ళు పట్టుకుని, "యాగంటి మెట్లే మేలు, ఆడ పైకి పోతే దేవుడన్నా ఉంటాడు" అని గొణుగుతూ ఎక్కింది.

పైన గోడ పొడుగునా ఎర్రటి నగారాలు వరస పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని చర్మం మీద చైనా అక్షరాలు. మమ్మల్ని తిప్పుతున్న చైనా పిల్ల ఇంగ్లీషులో చెబుతుంటే శ్రీనివాసులు తెలుగు చేశాడు. అవి వాళ్ళ సేద్యపు కాలాల పేర్లట. వాన పడే కాలం, పురుగు లేచే కాలం, మంచు కురిసే కాలం.

"అంటే మన కార్తెలే గదప్పా!" అన్నాడు ఓబులేసు. "రోహిణి కార్తె నగారా యాడుండాదో అడుగు, ఆడ నిలబడి ఒక ఫోటో దిగాల."

ఆ పిల్ల నవ్వి ఒకటి చూపించింది. ఇప్పుడు నడిచేది ఇదేనట. గింజ నిండే కాలం. నిండుతోంది గానీ ఇంకా పండలేదని దాని అర్థమట. ఓబులేసు ఫోటో దిగాడు. నాకు ఆళ్ళగడ్డ షెడ్డులో నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డ హర్షిణి గుర్తొచ్చింది. ఏడో నెల సగానికి వచ్చింది. పైట చెంగుతో ముఖం తుడుచుకుని ఎండ ఎక్కువగా ఉందన్నాను.

"పొద్దు గూకేటప్పుడు ఈడ నగారా కొడితే కోట తలుపులు మూసేవాళ్ళంట" అని శ్రీనివాసులు చెబుతున్నాడు. "బయటుండిపోయినోళ్ళు తెల్లారేదాకా బయటేనంట."

"బయట ఆడకూతురు చిక్కుకుంటే?" అంది ఉమామహేశ్వరమ్మ.

శ్రీనివాసులు ఆ చైనా పిల్లను అడిగి వచ్చి, ఎవరికైనా తలుపు తలుపేనంటోందమ్మా అన్నాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన దూరంగా ఎటో చూస్తున్నాడు. చెవిన పడినా పట్టనట్టు ఎట్లా నిలబడ్డాడో చూడు అని పళ్ళు కొరుక్కున్నాను.

లోపల హాల్లో నగారాలు వాయించి చూపిస్తారట. జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పక్కన పాతకాలపు చెక్క కుర్చీలు పెట్టారు. మా ఆయన మా అందరికీ వీపు పెట్టి, ఒక కుర్చీ చెక్కడం వంగి చూస్తున్నాడు. వాయించేవాళ్ళు ఎర్రబట్టల్లో వచ్చి నిలబడి, కర్రలు ఎత్తి, ఒక్కసారిగా వేశారు.

అమ్మో! నా గుండె జారి కడుపులో పడింది. ఉమామహేశ్వరమ్మ "ఓరి నాయనో" అని రెండు చెవులూ మూసుకుంది. ఓబులేసు చేతిలో నీళ్ళసీసా కింద పడింది. పసిపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మా ఆయన కుర్చీ చూస్తూనే ఉన్నాడు.

ఉలికిపడలేదు. తల తిప్పలేదు. కాసేపటికి కాళ్ళ కింద చెక్కలు అదురుతున్నట్టున్నాయి, కిందికి చూసుకున్నాడు. ఒక పాదం ఎత్తి మళ్ళీ పెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగాడు. నగారాల వైపు కాదు, మనుషుల ముఖాల వైపు చూశాడు. ఒక్కో ముఖమే చూసుకుంటూ వచ్చి, వాళ్ళు ఎటు చూస్తున్నారో అటు చూశాడు. అప్పుడు తెలిసింది ఆయనకు. వెంటనే ముఖం మార్చుకుని, ఎప్పటినుంచో వింటున్నవాడిలా తల ఊపడం మొదలుపెట్టాడు. ఆ ఊపు దెబ్బతో కలవడం లేదు.

వాయింపు అయిపోయి జనం బయటికి పోయారు. ఆయన మళ్ళీ కుర్చీ వైపు తిరిగాడు. నేను ఆయన వెనక పోయి నిలబడ్డాను.

"ఏమయ్యా" అన్నాను. ఇన్ని నెలల తర్వాత మొదటి మాట. పలకలేదు.

అప్పుడు నా జన్మలో చెయ్యని పని చేశాను. మొగుడిని పేరు పెట్టి పిలిచాను. "మాధవయ్యా!" అని గట్టిగా. గుమ్మం దగ్గరున్న ఉమామహేశ్వరమ్మ గిరుక్కున తిరిగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం కుర్చీ చేతి మీద చెక్కిన పువ్వును వేలితో తడుముతూనే ఉన్నాడు.

చెయ్యి పట్టుకుని బయటి అరుగు మీదికి తీసుకుపోయి కూర్చోబెట్టాను. ఏమి చెప్పాలో, ఎట్లా చెప్పాలో తెలియలేదు. కొత్త కాపురంలో, ఆయన మార్కెట్ యార్డులో వేరుశనగ బేరాలు చేసే రోజుల్లో, తువ్వాలు కింద వేళ్ళు పట్టి ధర చెప్పడం నాకు సరదాగా నేర్పించాడు. పైకి అంతా మౌనం, లోపల బేరం నడిచిపోయేది. ఆ తువ్వాలు ఆయన భుజం మీది నుంచి తీసి మా చేతుల మీద కప్పాను. ఆయన తుళ్ళిపడి నన్ను చూశాడు. ముందు అయిదు వేళ్ళూ కలిపి పట్టాను. వదిలి, రెండు వేళ్ళు పట్టాను.

"ఏడు" అన్నాడు, చైనా అంతా వినపడేటట్టు. "ఏం బేరమే ఇది? ఏడేంది?"

ముఖానికి ముఖం పెట్టి, మెల్లగా అన్నాను. "హర్షిణికి. ఏడో నెల."

ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది. రెండోసారికి ఆయనకు అందింది.

"నాకెవురూ చెప్పలేదే" అన్నాడు.

చెప్పాను. గోడకు చెప్పాను, పొయ్యికి చెప్పాను, తులసికోటకు చెప్పాను. ఇంట్లో ఉన్న రాయికీ మట్టికీ అన్నిటికీ తెలుసు. తువ్వాలు కింద ఆయన వేళ్ళు వదలకుండా ఏడ్చేశాను.

"ఒక చెవి ఎప్పుడో పాయ" అన్నాడు ఆయన. "రెండోది ఆ జ్వరంతో పాయ. ఫోన్‌లో అదేమనిందో నాకేం తెలుసు, ఏదో గాలి మాదిరి. నువ్వేమో నన్నే చూస్తాండావు. ఏదో ఒకటి అనాల గదా అని ఊఁ అన్నా."

"చెప్పచ్చు గదా నాతో!"

నా నోరు చూసి అర్థం చేసుకున్నాడు. "నువ్వు మాట్లాడతాండావా, చెప్పడానికి?" అన్నాడు.

తప్పంతా నాదేనని ఒప్పుకునే రకం కాదు నేను, మాట మార్చాను.

"అంగట్లో ఎట్ల చేస్తాండావయ్యా?"

"రైతు నోరు చూస్తా. తెలీకపోతే పవన్ మొగం చూస్తా, వాడు ఏది తీసిస్తే అది" అన్నాడు. పవన్ మా అంగడి గుమాస్తా. "ఎవురికీ చెప్పగాకు. తెలిస్తే చెవిటి సేటు అంటారు. నా ముందరే నన్ను తిట్టి, నన్ను చూసే నవ్వుతారు. ఒట్టెయ్."

చేతిలో చెయ్యి వేశాను. ఆయన తువ్వాలు తీసుకుని ముఖం మీద కప్పుకున్నాడు. శ్రీనివాసులు వచ్చి "సార్‌కి ఒంట్లో బాగలేదా" అన్నాడు. మెట్లెక్కాడు కదా, ఆయాసం అన్నాను.

తిరిగి వచ్చాక చెవుల డాక్టరుకు చూపించాం. మిషను పెట్టుకుంటే కొంత తెలియవచ్చు, ఆలస్యం చేశారు అన్నాడు. మిషను చెవిలో పెట్టుకుంటే అందరికీ కనపడుతుందని ఈయన ససేమిరా అన్నాడు. ఇంతలో మృగశిర కార్తె వచ్చింది, మంచి వాన పడింది. తెల్లారేసరికి అంగడి ముందు విత్తనాల కోసం రైతులు బారులు తీరారు. ఏడాది మొత్తానికి మాకు బేరం ఆ వారమే. మా ఆయన తాళాలు పవన్ చేతిలో పెట్టి, "ఆళ్ళగడ్డకు పోతాండాం" అన్నాడు. పవన్ నోరు వెళ్ళబెట్టాడు.

శ్రీకాంత్ వాళ్ళ షెడ్డులో ఉలులు మోగుతున్నాయి. మా అంగడికి వచ్చే రైతులు ఇద్దరు గుడికి ఆంజనేయస్వామి విగ్రహం చూసుకోవడానికి వచ్చి అక్కడే ఉన్నారు, "ఏం సేటూ, ఈ అదునులో ఈడుండావ్" అంటూ దగ్గరికొచ్చారు. ఈయన వాళ్ళను చూడలేదు. హర్షిణి ఒక రాతి పక్కన నిలబడి ఉంది. కడుపు బాగా ముందుకు వచ్చింది. ఆయన దాని పొట్ట వంక చూసి, ఊపిరి తీసుకుని, గొంతెత్తి అన్నాడు.

"అమ్మా హర్షిణీ, నిన్ను పిల్చకపోను వచ్చినా. ఇంటికి పా."

అది అడిగిన మాట అదే. అయిపోయిందనుకున్నాను. కానీ అది మా ఇంటి పిల్ల. ముఖం గిరుక్కున తిప్పి, ముక్కు రాని అమ్మవారి వైపు తిరిగింది.

"అమ్మోరా, అడుగు" అంది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చినానా అని అడుగు. నేను ఫోన్‌లో అంత ఏడ్చిన పొద్దు ఎందుకు ఊఁ అన్నాడో అడుగు. అన్నం గూడా ముట్టకుండా పడుకున్నానే, అది మనసా రాయా అని అడుగు."

ఆయనకు దాని జడ, వీపు తప్ప ఏమీ కనపడడం లేదు. భుజాలు కదలడం చూసి, ఏదో అంటోందని గ్రహించి, బెరుగ్గా "ఊఁ" అన్నాడు.

"మళ్ళా ఊఁ!" హర్షిణి గొంతు పగిలిపోయింది. "పోండి. నేను రాను. నేనీడనే కంటా" అంటూ ఇంట్లోకి నడిచింది.

నేను ఒట్టు గట్టున పెట్టి నోరు తెరిచాను. అంతలో ఆయనే అరిచాడు. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా.

"అమ్మా, నాకు ఇనపడదు! చెవుడొచ్చింది నాకు. ఈ పక్కకు తిరిగి చెప్పమ్మా!"

షెడ్డులో ఉలులన్నీ ఆగిపోయాయి. రైతులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా నిలబడ్డారు. ఆయన ఎవరినీ చూడలేదు, గడప దగ్గర ఆగిపోయిన కూతురి వీపునే చూస్తున్నాడు.

హర్షిణి తిరిగింది. నా వంక చూసింది. నేను తల ఊపాను. మెల్లగా నడిచి వచ్చి, వాళ్ళ నాయన ముందు నిలబడింది. ముక్కు ఎగబీల్చి, మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్క తిట్టు కూడా వదల్లేదు, కానీ ఒక్కో మాటా పెదాలు తెలిసేటట్టు నిదానంగా అంది. ఆయన కళ్ళజోడు తువ్వాలుతో తుడిచి పెట్టుకుని, దాని నోటినే చూస్తూ నిలబడ్డాడు. నడుమ ఒకచోట చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆ మాట తెలీలేదు. మళ్ళా చెప్పు."

"అన్నం ముట్టలేదు ఆ పొద్దు" అంది హర్షిణి, వెక్కుతూ.

"ఆఁ, ఇప్పుడు తెలిసింది" అన్నాడు ఆయన. "చెప్పు, ఇంకా చెప్పు."